వార్ధకమునకు ముందే వానప్రస్థము

శారదానది సముద్రమును చేరు తీరభూమి రాంబిల్లి ప్రాంతము. 2022 ఏప్రిల్ 4వ తేదీ వరకు విశాఖపట్టణ మండలములో నుండి, ఆనాటి నుండి అనకాపల్లి జిల్లాకు చెందినది. వరిచేలు, కొబ్బరితోటలు, వేటకు పోవు పడవలు ఇచ్చటి జీవనము. ఎలమంచిలిలో రైలెక్కిన కుమారులు విశాఖకో, హైదరాబాదునకో, అంతకంటె దూరమైన విదేశములకో పోవుట నేడు ఈ గ్రామములలోను వింత గాదు. తల్లిదండ్రులు మాత్రము పెద్దయింటి అరుగులపై మిగులుచున్నారు.

అట్టి గ్రామములలో నొకచో ఒక ఉపాధ్యాయుడున్నట్లు భావింతము. అరువది రెండేండ్లు నిండి ఉద్యోగవిరమణ చేసినాడు. కుమారుడు విదేశమున, కుమార్తె విశాఖపట్టణమున కాపురమున్నారు. ఆయనకు నడకకు లోపము లేదు, చూపునకు లోపము లేదు. ఉదయమున స్నానము చేసి, తిరుమణి తిరుచూర్ణములు ధరించి, ఆలయమునకు పోయి విష్ణుసహస్రనామపారాయణము చేసి వచ్చుచున్నాడు. ఒకనాడు పూర్వపు సహోద్యోగి యొకరు సీనియర్ సిటిజన్ల కొరకై కట్టిన గృహసముదాయమున చేరితిమని జాబు వ్రాసెను. వంట వారే చేసి పెట్టుదురట, వైద్యుడు వారమునకొకసారి వచ్చునట, గుడియు నున్నదట. కోయంబత్తూరు పరిసరములలో నిట్టివి అనేకములు వెలసి చాలకాలమైనది, తెలుగునాట నగరముల చెంతను వెలయుచున్నవి. జాబు చదివిన నాటి నుండి ఉపాధ్యాయునకు ఒకే చింత. నడువగలిగినప్పుడే పోవుట మేలా, నడువలేని దినము వచ్చినప్పుడు చూచుకొనుట మేలా?

ఆయన సతీమణి ఈ మాట విని, ‘ఏమండీ, మన తులసికోటకు నీరెవరు పోయుదురు?’ అని మాత్రము అడిగెను. ఇరుగుపొరుగువారు విన్నచో కుమారుడే వెళ్ళగొట్టెనని చెప్పుకొందురు. కుమారుడు వినినచో తన్ను దూరము చేసిరని దుఃఖించును. ఇందరి మాటల నడుమ శాస్త్రము చెప్పినదేమో చూచుట అవసరము.

మనుధర్మశాస్త్రము ఆరవ అధ్యాయమున వానప్రస్థమునకు కాలము చెప్పబడినది. గృహస్థుడు తన శరీరమున ముడుతలను, తలయందు నెరపును, సంతానమునకు కలిగిన సంతానమును చూచినప్పుడు అరణ్యమును ఆశ్రయింపవచ్చునని దాని భావము. ఈ మూడు లక్షణములను కొంచెము నిదానించి చూడవలెను. ఇవి వార్ధకము గుమ్మమున అడుగు పెట్టిన గుర్తులే గాని, అది ఇల్లంతయు ఆక్రమించిన గుర్తులు కావు. మంచము పట్టినప్పుడు, కన్ను కనబడనప్పుడు, కుమారుడు అన్నము పెట్టనప్పుడు పొమ్మని మనువు చెప్పలేదు. అడవికి పోయినవాడు అగ్నులను కాపాడవలెను, పంచయజ్ఞములు విడువరాదు, వచ్చిన అతిథిని కందమూలఫలములతోనైన పూజింపవలెను, స్వాధ్యాయము మానరాదు. సమిధలు ఏరుటకు నడుము వంగవలెను, ఏటికి పోయి నీరు తెచ్చుటకు కాళ్ళు సహకరింపవలెను. అశక్తునకు చెప్పదగిన ధర్మములు కావు ఇవి. వానప్రస్థము సేవ పొందుటకు కాదు, తుదివరకు సేవ చేయుటకే ఏర్పడిన ఆశ్రమమని దీనివలన తేలుచున్నది.

కనుక ముందే పోవుట శాస్త్రసమ్మతమే. కాని అదే శాస్త్రము మరియొక త్రోవయు చూపినది. దేవర్షిపితౄణములు తీర్చుకొని, సర్వమును పుత్రునకప్పగించి, ఇంటనే మాధ్యస్థ్యము వహించి ఉండవచ్చునని నాల్గవ అధ్యాయమున కలదు. పైకి ఇది సులభముగా కనబడును. నిజమునకు అడవి కంటె కఠినమైనది ఇదియే. తాళపుచెవులు కోడలికిచ్చి, బీరువాలో ఏమున్నదని అడుగకుండుట, కౌలు ఎంత వచ్చినదని ఆరా తీయకుండుట, కూరలో ఉప్పు తక్కువైనను నోరు మెదపకుండుట సామాన్యమైన తపస్సా? దీనిని సాధింపగలవాడు ఎచ్చటికిని పోనక్కరలేదు. సాధింపలేనివాడు అడవికి పోయినను అచ్చటి కుటీరములపై పెత్తనము మొదలుపెట్టును. నేటి గృహసముదాయములలోనైనచో నివాసుల సంఘమునకు కార్యదర్శియై పంపునీటి విషయమున కలహించుచుండును!

భార్య మాట ప్రత్యేకముగా చెప్పదగినది. వనమునకు పోవువాడు భార్యను పుత్రుల యొద్ద ఉంచవచ్చును, వెంట తీసికొని పోవచ్చును అని స్మృతి రెండు మార్గములు చెప్పినది. ఆమె అభిప్రాయమును అడిగిన మాట అచ్చట స్పష్టముగా కనబడదు. బృహదారణ్యకోపనిషత్తున యాజ్ఞవల్క్యుడు ఇంతకంటె ఒక అడుగు ముందున్నాడు. ఆశ్రమము విడిచి పోదలచినప్పుడు ఆ మాట ముందుగా మైత్రేయికి చెప్పెను, ఆమెకును కాత్యాయనికిని ఆస్తి పంచుదుననెను. మైత్రేయి ఆ ధనముతో అమృతత్వము లభించునా యని ప్రశ్నించెను. ఆయన ఆ ప్రశ్నను త్రోసిపుచ్చక కూర్చుండి సమాధానము చెప్పెను. బ్రహ్మవిద్యలో అంతటి ఘట్టము, భర్త ఇల్లు విడుచుటకు ముందు భార్యతో మాటలాడినందున లభించినది. తులసికోటకు నీరెవరు పోయుదురన్న ప్రశ్నయు చిన్నది కాదు. నలువది సంవత్సరములు ఆ కోట చుట్టు తిరిగిన పాదములు వేసిన ప్రశ్న అది. దానికి సమాధానము చెప్పకయే సంచులు సర్దిన భర్త ఏ ఆశ్రమధర్మమును పాటించినట్లు?

ఇక ఆలస్యముగా పోవుట యెట్లుండునో మహాభారతము ఆశ్రమవాసికపర్వమున చూపుచున్నది. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పదునైదు సంవత్సరములు ధర్మరాజు ఆదరణమున హస్తినలోనే ఉండెను. ధర్మజుడు లోపము చేయలేదు. భీముడు మాత్రము వృద్ధరాజు వినునట్లు తన భుజబలమును, దుర్యోధనాదుల చావును పొగడుకొనుచుండెను. ఆ మాటలు శల్యములై నాటిన పిదప గాని ధృతరాష్ట్రునకు అడవి స్ఫురింపలేదు. అన్నము పెట్టు చేతి నుండియే అవమానమును పొందిన తరువాత పోయినాడు. ఐనను ఆయన పోవునప్పుడు ఒక గొప్ప పని చేసినాడు. ధర్మరాజు అనుమతి కోరినాడు, పౌరజనులను పిలిపించి వారి సెలవు తీసికొన్నాడు, మృతులైన వారికి శ్రాద్ధములు చేసి దానములిచ్చినాడు. చెప్పక పారిపోలేదు.

ఆనాడు ఆయన వెంట గాంధారి, విదురుడు, సంజయుడు పోయిరి. కుంతియు పోయెను. ఈమె ప్రయాణమును జనులు అంతగా తలపోయరు. కుంతికి ఏ అవమానమును లేదు. కుమారులు రాజ్యమేలుచున్నారు, కోడండ్రు సేవించుచున్నారు. చిరకాలము కష్టపడి, సుఖము చేతికందిన కాలమున ఆమె గాంధారి చేయి పట్టుకొని బయలుదేరినది. కుమారులు కన్నీరు మున్నీరుగ వేడుకొన్నను మరలలేదు. బావగారికిని తోడికోడలికిని శుశ్రూష చేయుటయే ఆమె సంకల్పము. త్రోవ ఒక్కటే, దినమొక్కటే, చేరిన ఆశ్రమమొక్కటే. ఒకరు గాయపడి పోయిరి, ఒకరు నిండు మనస్సుతో పోయిరి. గృహసముదాయమున చేరదలచిన దంపతులు తమ ప్రయాణము ఈ రెండింటిలో దేనిని పోలియున్నదో తమలో తామే విచారించుకొనవలెను. కోడలిపై కోపముతో పోవువాడు ఆ కోపమును కూడ మూటగట్టుకొనియే పోవును, దానికి అచ్చట వేరుగా గది ఉండదు.

ఈ రెండింటికిని నడుమ ఒక చక్కని మార్గమును కాళిదాసు రఘువంశము అష్టమసర్గమున చూపినాడు. రఘుమహారాజు రాజ్యమును అజునకప్పగించి అడవికి పోవ సిద్ధపడెను. అజుడు కన్నీటితో పాదములపై బడి తన్ను విడిచిపోవలదని ప్రార్థించెను. పుత్రవత్సలుడైన రఘువు ఆ ప్రార్థనను మన్నించెను, కాని విడిచిన రాజ్యలక్ష్మిని మరల చేపట్టలేదు. పురము వెలుపల నొక నివాసమున యతివృత్తితో నుండెను. తండ్రి యోగులతోను, కుమారుడు మంత్రులతోను కాలము గడపిరి. కంటికి దూరము కాలేదు, పెత్తనమునకు దగ్గర కాలేదు. కుమారుని కన్నీటికి విలువనిచ్చి, తన విరక్తికిని భంగము రానీయని ఈ ఏర్పాటులో ఎంత లోకజ్ఞత యున్నది! తుదకు రఘువు దేహము చాలించినప్పుడు అజుడు దగ్గరనుండి యతులతో కూడి అంత్యవిధిని నిర్వర్తించెను. విదేశమందలి కుమారుడు విమానము దొరకునో లేదో యని తల్లడిల్లు ఈ కాలమున ‘పురము వెలుపల’ అనునది ఎంత దూరమో యోచింపదగిన మాట. కుమార్తె విశాఖలో నున్నచో, గంట రెండు గంటలలో ఆమె రాగల చోటును వెదకుట, వేయి మైళ్ళ దూరముననున్న అద్దాల మేడ కంటె మేలు కావచ్చును.

శ్రీవైష్ణవులకు ఈ విషయమున మరియొక ఆధారము కలదు. చరమశ్లోకములుగా పాటింపబడు మూడింటిలో వరాహచరమశ్లోకము ఒకటి. భూదేవికి వరాహస్వామి చెప్పినదాని తాత్పర్యమిది: మనస్సు స్వస్థముగాను, శరీరము ఆరోగ్యముగాను ఉన్నప్పుడు తన్ను స్మరించిన భక్తుడు, అవసానకాలమున కట్టెవలె, రాయివలె పడియున్నప్పుడు స్వామియే ఆతని స్మరించి పరమపదమునకు చేర్చును. జీవుని వంతు ఆరోగ్యకాలము, భగవంతుని వంతు అశక్తకాలము. ముందే సిద్ధపడుట యనునది వైష్ణవమునకు క్రొత్త మాట కాదు, శరణాగతికి ఆ దినమే తగిన దినము. సింహాచలమున వరాహలక్ష్మీనృసింహుని సేవించు రాంబిల్లి ప్రాంతీయులకు ఈ అభయము ఇంటి దైవము చెప్పిన మాట వంటిది.

అట్లని ఏదో యొక చోట చేరినంతనే పని తీరదు. భగవద్రామానుజులు పరమపదించుటకు ముందు శిష్యులకు చెప్పిన హితవచనములను గురుపరంపర పేర్కొనుచున్నది. శ్రీభాష్యమును అధ్యయనము చేసి ప్రవచింపుడనియు, అది చేతకానివారు దివ్యప్రబంధమును సేవింపుడనియు, అదియు కానిచో దివ్యదేశమున కైంకర్యము చేయుడనియు చెప్పుచు, తిరునారాయణపురమున ఒక కుటీరము కట్టుకొని నివసింపుడనియు ఉపదేశించిరి. అదియు కుదరనివారు తమను ‘మనవాడు’ అని ఆదరించు ఒక వైష్ణవుని ఆశ్రయింపవలెనని తుదిమాట. కుటీరము కంటెను చివర మిగిలినది ఒక మనుష్యుని ఆదరమే. చేరదలచిన చోట స్నానపుగది గచ్చు ఎంత నునుపో చూచువారు, ప్రక్క ఇంటి వారెవరో, జ్వరము వచ్చిననాడు తలుపు తట్టువారున్నారో లేదో అంతకు ముందు చూడవలెను. (గచ్చు నునుపుగా నుండుటయు వృద్ధులకు ప్రమాదమే.)

లౌకికమైన జాగ్రత్తలు కొన్ని కలవు. ఎక్కువ చోట్ల చేర్చుకొనునప్పుడు నడువగలవారినే చేర్చుకొందురు. పిదప మంచము పట్టినచో, మతిమరపు ముదిరినచో ఉంచుకొందురా, పంపివేయుదురా అని ముందే అడిగి కాగితముపై వ్రాయించుకొనవలెను. ఇల్లు కొనుటయా, జీవితకాలము నివసించు హక్కు మాత్రమేనా, కట్టిన డిపాజిట్టు తిరిగి వచ్చునా, దంపతులలో ఒకరు గతించినచో రెండవవారి స్థితి యేమి అనునవి తెలిసికొనవలెను. కేంద్రప్రభుత్వ గృహనిర్మాణశాఖ 2019లో ఇట్టి విశ్రాంతగృహములకై మార్గదర్శకసూత్రములను ప్రకటించినది, వానిని దగ్గర పెట్టుకొని ప్రశ్నలడుగుట మంచిది. స్వగ్రామమందలి ఆస్తిని కుమారునకు వ్రాసి పోదలచినవారు 2007 నాటి తల్లిదండ్రుల పోషణచట్టము 23వ సెక్షనును తెలిసికొనియుండవలెను. పోషింపవలెనన్న నియమముపై ఇచ్చిన ఆస్తి, పోషింపనిచో చెల్లదని ప్రకటింపజేసికొను అవకాశము దానిలో కలదు. ఆ నియమము దస్తావేజులో కనబడవలెను, మనస్సులో నుంచుకొనినచో చాలదు.

ఇంకొక మాట. నౌకాదళ స్థావరము కొరకు రాంబిల్లి తీరమున భూసేకరణ జరిగినప్పుడు పుట్టిన చోటు విడువవలసివచ్చిన కుటుంబములలో వృద్ధులును కలరు. వారిని ఎవరును ‘ముందే పోవుదురా, తరువాత పోవుదురా’ అని అడుగలేదు. ఎప్పుడు పోవలెనని తానే నిర్ణయించుకొను భాగ్యము అందరకు లేదని అరుగుపై కూర్చుండి సందేహించు గృహస్థుడు తెలిసికొనుట మంచిది.

మనము భావించిన ఉపాధ్యాయుడు ఏమి చేయవలెను? ఇల్లు అమ్మక, ఎవరికిని వ్రాసియీయక, దంపతులిరువురును ఒక మాసము అతిథులుగా పోయి ఉండి చూడవచ్చును. అది చాతుర్మాస్యము కాకపోయినను పరీక్షకు చాలును. అచ్చట ఆయన రోజుకొక గంట పిల్లలకో, తోటి వృద్ధులకో పాఠము చెప్పుటకు తావున్నదా? ఆమె కట్టిన పూలదండ స్వామికి సమర్పింపబడునా? మాసము నిండిన దినమున ఎవరైనను ‘మరల ఎప్పుడు వచ్చెదరు?’ అని అడిగిరా? ఈ లోపల ఇంటి తులసికి నీరు పోయుటకు ప్రక్కింటి కోడలు ఒప్పుకొన్నది. తిరిగి వచ్చిన నాటి సాయంకాలము గృహిణి మొదట పోయి కోటను చూచును. మొక్క పచ్చగా నుండినను, వాడియుండినను, ఆ రాత్రి భోజనానంతరము ఆమె చెప్పు మాటను భర్త తొందరపడక వినవలెను.