తాళము వేసిన ఇల్లు

కలకత్తాలో ఖిదిర్‌పూర్ రేవు చెంతనున్న వాట్‌గంజ్ వంటి పేటలో పొరుగువాడు మరణించి, అతని యిల్లు తాళముతో నిలిచినప్పుడు హక్కుదారుని వెదకు భారము ఎవరిది? నగరపాలక సంస్థ పన్ను పుస్తకముగాని, రిజిస్ట్రారు కచేరిలోని దస్తావేజుగాని జాడ తెలుపవచ్చును. వారసులు బొత్తిగా లేనియెడల, రాజ్యాంగము 296వ అధికరణము చొప్పున ఆస్తి రాష్ట్రమునకు చెందును. పరుడు 12 ఏండ్లు బహిరంగముగా తనదేయని అనుభవించినయెడల, 1963 నాటి లిమిటేషన్ చట్టముచే యజమాని హక్కు నశింపవచ్చును.

చట్టమునకు గడువు కలదు, మనస్సాక్షికి కలదా? ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము, తప్పిపోయిన యెద్దును సొంతదారుడు వెదకుచు వచ్చువరకు ఇంట కాపాడుమనుచున్నది. వెదకకయే "ఎవరును లేరు" అనుట దొంగతనమునకు తలుపు తెరచుటయే. మృతుడు అడుగలేడు, దూరముననున్న వారసుడు ఎరుగడు. కనుక ఆ వెదకుటయే పొరుగువానికి చేయదగిన కడపటి ప్రేమకార్యము.