ఆరాధన, సేవ: ఒక ధర్మసందేహం

దైవారాధన మందిర ద్వారం వద్ద ముగిసిపోదనే విషయాన్ని అన్ని మతాలూ అంగీకరిస్తాయి. అయితే సేవ ఆరాధనలో అంతర్భాగమైనప్పుడు ఒక ధర్మసందేహం తలెత్తుతుంది. సేవకుని దృష్టి ఎదుట ఉన్న ఆర్తునిపై నిలుస్తున్నదా, లేక అతడు రేపు తన మతంలో చేరడంపై నిలుస్తున్నదా?

విద్యాలయాలలోని క్రైస్తవ విద్యార్థి సంఘాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మన దేశంలో 1912లో స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్, 1954లో యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా ఏర్పడ్డాయి. ప్రార్థన, బైబిలు పఠనం, కీర్తనలతో పాటు తోటివారి కష్టంలో పాలుపంచుకోవడం ఇటువంటి సంఘాలకు సహజధర్మం.

దుర్గ్ జిల్లాలోని భిలాయి వంటి పట్టణంలో ఈ ప్రశ్న మరింత సూక్ష్మరూపం దాల్చుతుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా అక్కడ ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమయింది. తెలుగువారితో సహా నానా ప్రాంతాల వారు, నానా మతాల వారు అక్కడ స్థిరపడ్డారు. అటువంటి చోట ఇల్లు విడిచి వచ్చిన ఒక విద్యార్థి హాస్టల్ గదిలో జ్వరంతో పడి ఉన్నాడనుకోవచ్చు. ప్రార్థన సంఘానికి చెందిన పై తరగతి విద్యార్థి అతనికి గంజి, మందులు తెచ్చి ఇచ్చాడు. కోలుకున్న తరువాత ప్రార్థనకు రమ్మని పిలిచాడు. పిలవడం దోషం కాదు. అతడు రానన్న పిమ్మట, మళ్ళీ జ్వరం వస్తే గంజి వస్తుందా రాదా అన్నదే అసలు పరీక్ష.

దుర్గ్ మధ్యప్రదేశ్‌లో ఉన్న కాలంలో, 1968లో, ఆ రాష్ట్రం బలప్రయోగం, ప్రలోభం, మోసం ద్వారా జరిగే మతమార్పిడిని నిషేధిస్తూ శాసనం చేసింది. స్టెనిస్లాస్ వ్యాజ్యంలో 1977లో సుప్రీంకోర్టు ఆ శాసనాన్ని సమర్థించింది. రాజ్యాంగం 25వ అధికరణం ప్రసాదించిన ప్రచార హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు ఇమిడి లేదని తీర్పు చెప్పింది. కాని ప్రలోభానికీ ప్రేమకూ మధ్య గల రేఖను న్యాయస్థానం బయటి నుండి మాత్రమే చూడగలదు. లోపలి రేఖను గీసుకోవలసినవాడు సేవకుడే.

ఆ రేఖ సువార్తలలోనే ఉంది. లూకా సువార్తలో పదిమంది కుష్ఠురోగులు స్వస్థత పొందగా, కృతజ్ఞతతో తిరిగి వచ్చినవాడు ఒక్కడే. రాని తొమ్మిదిమంది కృతజ్ఞతను గురించి ప్రశ్న వచ్చింది గాని, వారికి కలిగిన స్వస్థత వెనుకకు పోలేదు.

విశ్వాసిని మౌనంగా ఉండమనడం అన్యాయం కాదా అని ఒక ఆక్షేపణ రావచ్చు. అది సమంజసమైన ఆక్షేపణే. తనకు ప్రాణప్రదమైన దానిని తోటివానితో చెప్పుకోవడం మానవ సహజం, రాజ్యాంగ సమ్మతం. అయితే ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు సమానులు కారు. నోట్సు కోసం, రుసుముకు తక్కువైన సొమ్ము కోసం ఎదురుచూసే వానికి 'రాను' అనడం కష్టం. కనుక ఆ మాటను సులువుగా అనగలిగే చనువును కల్పించడం సేవకుని బాధ్యత అవుతుంది.

గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైన జాతీయ సేవా పథకం 'నేను కాదు, మీరు' అన్న నినాదాన్ని స్వీకరించింది. మతంతో నిమిత్తం లేని ఆ మాటను ప్రార్థనా మందిరం నుండి వెలువడే సేవకుడు కూడా నిస్సంకోచంగా తనదిగా చేసుకోవచ్చు. సేవ పొందినవాడు తన దారిన తాను పోయినప్పుడు మనసు చిన్నబుచ్చుకోక, మరునాడు మళ్ళీ అతని తలుపు తట్టగలిగినవాడే సేవను ఆరాధనగా ఆచరించినవాడు.