నర్తనస్థలి ఎవరిది?

అండమాను ఆదివాసుల పాత పల్లెల కట్టుబడిలో ఒక విశేషం ఉండేది. గుడిసెలన్నీ ఒక ఖాళీ స్థలం చుట్టూ, దానివైపే ముఖం పెట్టి నిలిచేవి. ఆ ఖాళీ స్థలమే నర్తనస్థలి. 1906 నుంచి 1908 వరకు ఆ దీవులలో పరిశీలన జరిపిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో ప్రకటించిన గ్రంథంలో దానిని వర్ణించినాడు. దానికి కప్పు లేదు, గోడ లేదు, తాళం లేదు. నిర్వాహకుడనేవాడు అసలే లేడు. డాలు ఆకారంలో చెక్కిన గట్టి కర్రపలక ఒకటి ఉండేది. దాని కొసను నేలలో దిగవేసి, పాటగాడు కాలితో తాడనం చేస్తూ తాళం వేసేవాడు. స్త్రీలు ఒక వరుసగా కాళ్లు చాచి కూర్చుండి, అరచేతులతో తొడలు చరుస్తూ పల్లవి అందుకొనేవారు. సామగ్రి అంతటితో సరి. గ్రామీణ కళాకేంద్రాలకు పథకాలు వ్రాసే అధికారికి ఈ పద్దు చూపితే, ఖర్చు వ్రాయడానికి ఇందులో ఏమీ లేదే అని ఆయన విచారపడవచ్చును.

పాట విషయంలో మాత్రం కఠినమైన నియమం ఒకటి ఉండేది. ఎవరి పాటను వారే కట్టుకోవలెను. ఇంకొకరు కట్టినదానిని నర్తనస్థలిలో పాడరాదు. తాతలనాటి పాట అంటూ ఏదీ లేదు. పడవ తొలిచేటప్పుడో, విల్లు చెక్కేటప్పుడో, తెడ్డు వేసేటప్పుడో మనిషి తన పాటను కూనిరాగంగా తీసుకొంటూ తృప్తి కలిగేవరకు సవరించుకొనేవాడు. ఇంటి స్త్రీలలో ఒకరిద్దరికి ముందుగా పల్లవి నేర్పేవాడు. నాట్యం జరిగే రాత్రి వచ్చినప్పుడు పాడేవాడు. పదిమందికీ నచ్చితే మరికొన్ని రాత్రులు ఆ పాట నడిచేది. నచ్చకపోతే దానిని వదలి మరొకటి కట్టుకొనేవాడు. గ్రంథస్వామ్య చట్టాల పేరైనా వినని జనం ఇంత నిష్ఠగా ఒకరి సొత్తు ఒకరు ముట్టకుండా ఉండటం చట్టాలున్నవారికి ఆశ్చర్యం కలిగించక మానదు.

కళాకేంద్రం స్థాపించేవారి నోట మొదట వచ్చే మాట పరిరక్షణ. పాత పాటలను సేకరించవలెను, గురువులను నియమించవలెను, పిల్లలకు నేర్పించవలెను, ఏటా ఒక ఉత్సవం జరపవలెను అంటారు. ఉద్దేశం మంచిదే. కాని ఒకరి పాటను మరొకరు పాడరాదన్న సమాజపు పాటను పదిమంది పిల్లలకు నేర్పి వేదిక మీద నిలబెట్టి పాడిస్తే, రక్షింపబడినది ఏమిటి? వరుస నిలుస్తుంది, ఆ వరుసను పుట్టించిన ధర్మం తప్పుతుంది. అక్కడ తండ్రి కొడుకుకు పాటను అప్పగించలేదు. పాట కట్టుకోక తప్పని బాధ్యతను, అందుకు కావలసిన ఖాళీ నేలను, తాళపు పలకను అప్పగించినాడు. కళాకేంద్రాల జాబితాలలో ఈ మూడింటిలో చివరిదానికి మాత్రమే స్థానం దొరుకుతుంది, అదికూడా సాధారణంగా గాజు బీరువాలో.

ఆ నేల ఎట్లా ఖాళీ అయినదో చరిత్ర చెప్పుతున్నది. 1858లో బ్రిటిషువారు ఆ దీవులలో కారాగార నివేశాన్ని స్థాపించినారు. 1877లో వచ్చిన పొంగు జ్వరం, ఇతర అంటువ్యాధులు గ్రేట్ అండమానీయుల తెగలను పల్లెకు పల్లెగా తుడిచివేసినవి. వేలమంది ఉన్న జనం 1961 జనాభా లెక్కలనాటికి 19 మంది. బో భాష ఎరిగిన ఆఖరి మనిషి, బోవా సీనియర్ అని వ్యవహరింపబడిన వృద్ధురాలు, 2010 జనవరిలో మరణించినది. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీ ఆమె మాటలను, పాటలను అంతకుముందే రికార్డు చేసి ఉండటం ఒక పుణ్యకార్యం. అయితే ఆ రికార్డులోని గొంతుకు వంతపాడవలసిన స్త్రీల వరుస లేదు. వినేవారున్నారు, అందుకొనేవారు లేరు.

ఇదంతా గతించిన వారి కథ అని పక్కన పెట్టడానికి వీలులేకుండా 2012 జనవరిలో ఒక సంఘటన బయటపడినది. జారవా స్త్రీలను తిండి ఆశచూపి పర్యాటకుల ముందు నాట్యం చేయిస్తున్న వీడియోను ఒక బ్రిటిషు వార్తాపత్రిక ప్రకటించినది. దేశమంతా సిగ్గుపడినది. ఆ సిగ్గుకు కారణమేమిటో స్పష్టంగా చెప్పుకోవటం అవసరం. ఆ అడుగులు వారి అడుగులే కావచ్చును, ఆ లయ వారి లయే కావచ్చును. అక్కడ లేనిది వేళను తాము నిర్ణయించుకొనే హక్కు, ఈరోజు ఆడము అని చెప్పగలిగే హక్కు. ఆ రెండూ పోయిన తరువాత మిగిలినదానికి నాట్యమనే పేరు చెల్లదు. దానిని ఊడిగం అనవలెను.

రోడ్డు పక్క జరిగిన అనాచారాన్నీ, పారితోషికం ఇచ్చి గౌరవంగా పిలిపించే ఉత్సవ వేదికనూ ఒక గాటికి కట్టరాదు. అది అన్యాయం. ఐనను, అదే ప్రశ్న అక్కడ మెత్తగా వినిపిస్తుంది. వేళ ఎవరిది? ఉత్సవానికి ముఖ్య అతిథి వచ్చే ఘడియను బట్టి నాట్యం మొదలయ్యేచోట, ఆయన లేచిపోగానే ముగిసేచోట, ఆ వేళ పల్లెది కాదని ఒప్పుకొనవలసినదే.

కార్ నికోబారులో ప్రతి ఊరికి సముద్రపు ఒడ్డున ‘ఎల్పనం’ అనే బహిరంగ స్థలం ఉండేది. నివాసగృహాలు కొంత లోపల, కొబ్బరితోటలలో ఉండేవి. ఊరందరి భవనాలు, ప్రసూతికి వేరుగా కట్టిన ఇల్లు, మృతులను ఉంచే ఇల్లు, శ్మశానం ఒడ్డున ఎల్పనంలోనే ఉండేవి. విందులు, నాట్యాలు అక్కడే. పుట్టుకకూ చావుకూ ఆటకూ ఒకే నేలను కేటాయించిన ఊరు ఎంతో ఆలోచించే ఆ పని చేసి ఉండవలెను. నికోబారీయుల నాట్యం వలయంగా సాగుతుంది. స్త్రీపురుషులు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకొని, లోపలికి చూస్తూ, పాడుతూ పక్కకు అడుగులు వేస్తారు. బయట నిలిచినవాడికి కనిపించేవి వీపులే. అతడు నాట్యాన్ని చూడవలెనంటే ఒకటే మార్గం: ఎవరి భుజం మీదనైనా చేయివేసి లోపలికి చేరవలెను.

ఇటువంటి నాట్యాన్ని వేదిక ఎక్కిస్తే ఏమవుతుంది? వీపులు చూడటానికి ఎవరూ కుర్చీలలో కూర్చోరు గనుక వలయాన్ని ఒక పక్క తెరవవలసి వస్తుంది. తెరిచిన పక్కన ఎదురుగా ప్రేక్షకుడు ఉంటాడు. ఇంతవరకు ఒకరినొకరు చూచుకొన్న కళ్లు అతనిని చూడటం మొదలుపెడతాయి. అరకులోయ ధింసాను ఇటుకల పండుగలో ఊరి నడుమనూ, విడిదిగృహం ఆవరణలో సాయంకాలపు వినోదంగానూ చూచిన తెలుగువారికి ఈ తేడాను వేరే వివరించనక్కరలేదు. నాట్యకత్తెలు అదే ఊరివారు, డప్పు అదే డప్పు. చూపు మాత్రం దిశ మారినది.

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ కార్ నికోబారు తీరాన్ని తుడిచిపెట్టినది. దీవులన్నింటిలో మరణించినవారు, జాడ తెలియనివారు అధికారిక లెక్కలకే మూడు వేలకు పైబడినారు. మిగిలిన కుటుంబాలు ఒడ్డు విడిచి లోపలికి జరిగినవి. రేకుల కప్పుల ఇళ్లు కట్టించి ఇచ్చినారు. ఇంటికి పొడవు వెడల్పులున్నవి, గదుల సంఖ్య ఉన్నది; కనుక దానిని నష్టపు పట్టికలో ఎక్కించవచ్చును. పుట్టుకకు, చావుకు, ఆటకు కలిపి ఉంచిన నేలను ఏ గడిలో నింపగలరు? తరువాత ఎన్నో చోట్ల సహాయసంస్థలు చేసే పని సమావేశమందిరం కట్టించటం. మందిరం ఉపయోగకరమే. కాని మందిరానికి తలుపు ఉంటుంది, తలుపుకు తాళం ఉంటుంది, తాళంచెవికి ఒక మనిషి ఉంటాడు. ఊరి కళ మీద అధికారమనేది మొట్టమొదట ఆ మనిషి మొలత్రాటికి వ్రేలాడుతుంది.

కళాకేంద్రపు నిర్వహణలో డబ్బు ముచ్చట ఎత్తటం కొందరికి మొరటుగా తోస్తుంది. ధర్మసూక్ష్మమంతా అక్కడే ఉన్నది. నికోబారీయులలో ‘తుహెత్’ అనే పెద్ద ఉమ్మడి కుటుంబం ఉన్నది. తోటలు, పందులు దాని ఉమ్మడి సొత్తు. విందు ఖర్చు తుహెత్ భరిస్తుంది, నాట్యంలోకి ఎవరైనా వస్తారు. ఇప్పుడొక కేంద్రం వచ్చి ఇరవైమందికి పారితోషికం ఇస్తానన్నదనుకొందాము. ఇరవైమందిని ఎవరో ఎంచవలెను. ఎంచేవాడు సహజంగా యువకులను, ఒడ్డుపొడుగు సరిపోయినవారిని, లయ తప్పనివారిని ఎంచుతాడు. మోకాలు నొప్పి ఉన్న ముసలమ్మ, అపశ్రుతిలో గట్టిగా పాడే మేనమామ, అడుగు సరిగా పడని పిల్లవాడు మిగిలిపోతారు. నిన్నటిదాకా వారు నర్తకులు, నేటినుంచి ప్రేక్షకులు. ఎవరినీ ఎవరూ అవమానించలేదు, లంచం పుచ్చుకోలేదు, లెక్కలన్నీ సక్రమంగా ఉన్నవి. అయినా ఒక ఊరు రెండుగా చీలినది. పారితోషికం ఊరికి ఇచ్చి, పంపకం ఊరికే వదిలిపెట్టే నిర్వాహకునికి లెక్కలు తనిఖీ చేసేవారితో చిక్కు తప్పదు. ఆ చిక్కు పడటమే అతని ఉద్యోగ ధర్మమని చెప్పవలెను.

కళలన్నీ వలయపు కళలు కావు. ఎదురుగా జనం లేకుంటే బతకని కళలు ఉన్నవి. బుర్రకథకునికి ఇరుపక్కల వంతలతోపాటు ముందు జనం కావలెను. రాజకీయపు వంత విసిరిన చెణుకుకు నవ్వేవాడు లేకుంటే కథ నడవదు. వంగదేశపు జాత్రా కూడా అంతే. ఈ దీవులలో ఇటువంటి కళలకు వారసులు తక్కువ కారు. 1949 నుంచి తూర్పు బెంగాలు కాందిశీకులను ఇక్కడ నివసింపజేసినారు. 1918 నుంచి ఛోటానాగపూరు నుంచి అడవి పనులకు వచ్చిన ఉరావులు, ముండాలు, ఖడియాలు ‘రాంచీవారు’ అనే ఒక్క పేరుతో స్థిరపడినారు. వారి స్వగ్రామాలలో ‘అఖ్‌రా’ అనే నర్తనస్థలి ఊరి నడుమ తెరిపిగా ఉంటుంది. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు నూటికి సుమారు 13 మంది. వారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుంచి వచ్చినవారు ఎక్కువ. రొమ్ముకు రేకులు కట్టుకొని చరుస్తూ ఎగిరే తప్పెటగుళ్లు ఆ ప్రాంతపు సొత్తు. ఇన్ని జాతులు హిందీలో పలకరించుకొంటూ ఇరుగుపొరుగున బతికేచోట ఒకరి ఆట మరొకరు చూడటానికి ఉమ్మడి వేదిక కావలెను. అది లేకుంటే ఎవరి వలయం వారిదై, పక్కవాడి పండుగ పక్కవాడి చప్పుడుగానే మిగులుతుంది. 1985లో ఏర్పడిన తూర్పు మండల సాంస్కృతిక కేంద్రం తన పరిధిలో ఈ దీవులను చేర్చుకొన్నది. ఆ పని అవసరమైనదే.

చిక్కు ఎక్కడనగా, వేదిక ఒకటే కొలబద్దగా మారినప్పుడు. తెల్లవార్లు ఆడవలసిన ఆటను పది నిమిషాలకు కుదించి, పది నిమిషాల ఆటే అసలైనదని ఆడేవారి చేతనే నమ్మించటం జరుగుతుంది. దీనికి విరుగుడు లేకపోలేదు. కర్ణాటకంలో శివమొగ్గ జిల్లాలోని హెగ్గోడు చిన్న పల్లె. పోకతోటల వారి ఊరు. 1949లో అక్కడివారు ‘నీనాసం’ అనే నాటక సంఘం పెట్టుకొన్నారు. కె. వి. సుబ్బణ్ణ దానిని పెంచినాడు. 1980లో రంగశిక్షణ విద్యాలయం, 1985లో ఊరూరా తిరిగే ‘తిరుగాట’ వచ్చినవి. 1991లో ఆయనకు మెగసెసే పురస్కారం లభించినది. పల్లె కళను పట్టణానికి చూపటానికి పుట్టిన సంస్థ కాదది. ప్రపంచ నాటకాలను తమ ఊరికి తెచ్చుకొని తామే ఆడి, తామే తగవులాడుకొన్నవారి సంస్థ. అక్కడ ప్రేక్షకుడు కూడా ఊరివాడే; బాగాలేదని అనగలడు. ఉత్సవ వేదిక ముందు కూర్చున్న అతిథి ఎప్పుడూ బాగున్నదనే అంటాడు, పాపం, ఆయనకు మరో దారి లేదు.

బాగాలేదని అనగల జనం ఉండటం అండమాను నర్తనస్థలిలోనూ నియమమే గదా. నచ్చని పాట రెండవ రాత్రి వినిపించేది కాదు. పరిరక్షణ పేరిట నడిచే కేంద్రంలో ఈ హక్కు మొదట పోతుంది. అపురూపమైనదానిని బాగాలేదనటానికి ఎవరికీ మనసు రాదు.

నిత్య నిర్వహణలోని కష్టాలు ఇక్కడివి ఇక్కడివే. ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే దీవులలో డప్పు తోలు సగం ఏడాది సడలి ఉంటుంది. ఆటకు ముందు మంటవేసి కాచుకోవలెను, అందుచేత మంటవేయటానికి వీలులేని పక్కా మందిరం డప్పుకు శత్రువు. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిన పోర్టుబ్లెయిరు నుంచి ప్రధాన భూభాగానికి మూడు రోజుల ఓడ ప్రయాణం. బాగుచేయించటానికి హార్మోనియం వెళితే ఎప్పుడు తిరిగివచ్చేదీ ఓడ దయ. ఇటువంటి చోట మంచి నిర్వాహకుడు ఎక్కువ వస్తువులు పోగుచేయడు.

గ్రేట్ అండమానీయుల వంశంలో మిగిలిన కొద్దిమంది ఈనాడు ఎక్కువగా హిందీయే మాట్లాడుతారు. వారిలో ఒక యువకుడు వల సరిచేసుకొంటూ హిందీలో ఒక కూనిరాగం కట్టినాడనుకొందాము. సేకరణకర్తకు అది పనికిరాదు. అందులో పాత మాట ఒక్కటీ లేదు. ఉత్సవానికీ పనికిరాదు, సినిమా వాసన వేస్తుందంటారు. పాత నియమం ప్రకారం చూస్తే మాత్రం, ఇతరులు కట్టిన పాటలు ఎన్ని నేర్చి అప్పగించినా రాని అర్హత దానికి ఉన్నది. దానిని పాడే రాత్రికి ముందుగా ఇంటిలోని స్త్రీలలో ఒకరిద్దరికి అతడు పల్లవి నేర్పుకోవలసి ఉంటుంది.