సున్నా అని నమ్మిన చోటు

ఇంజనూ చక్రాలతో పాటు పడక, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది కూడా ఒకే బండిలో ఇమిడిన వాహనాన్ని మోటర్‌హోమ్ అంటారు. అమెరికాలో ఈ పరిశ్రమకు ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతం ప్రధాన కేంద్రం. అక్కడి బండ్లలో బయటి నుంచి తీసుకునే 120 వోల్టుల విద్యుత్తుతో పాటు, బ్యాటరీల మీద నడిచే 12 వోల్టుల డీసీ వ్యవస్థ, అంటే ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తు, ఉంటుంది. దీపాలు, నీళ్ళ పంపు, హీటర్ ఫ్యాను దాని మీదే ఆధారపడతాయి. గ్యాసుతో చల్లబడే ఫ్రిజ్‌కు సైతం దాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ బోర్డు పనిచేయాలంటే ఈ 12 వోల్టులు కావాలి. తాకినా సాధారణంగా షాక్ కొట్టదు కనుక ఈ వ్యవస్థ నిరపాయమైనదిగా, అల్పమైనదిగా తోస్తుంది. అయితే మోటర్‌హోమ్‌లో అంతుచిక్కని లోపాలు ఎక్కువగా పుట్టేది ఇందులోనే. పైగా అవి ఆలోచించేవారి ముందు ఒక గట్టి తాత్త్విక ప్రశ్నను నిలుపుతాయి. కొలిచినప్పుడు ఉన్నట్టే కనిపించి, పని పడినప్పుడు లేకుండా పోయే దాని గురించి తెలుసుకోవడం ఎలా?

చలి రాత్రి హీటర్ ఫ్యాను ఆగకుండా తిరుగుతూ చల్లగాలిని మాత్రమే విసరడం ఇటువంటి లోపాలలో ఒకటి. గాలి ఆడకుండా మంట వెలిగితే ప్రమాదం కనుక, ఈ హీటర్లలో గాలి తాకిడికి కదిలే ఒక పలుచని రేకు ఉంటుంది. దాన్ని సెయిల్ స్విచ్ అంటారు. ఫ్యాను తగినంత వేగం అందుకుని ఆ రేకును పూర్తిగా నెట్టితేనే గ్యాసు వాల్వు తెరుచుకుంటుంది. వోల్టేజి తగ్గినప్పుడు ఫ్యాను తిరుగుతుంది గాని రేకును నెట్టేంత గాలిని తోలలేదు, దానితో మంట వెలగదు. యజమాని గ్యాసును అనుమానిస్తాడు, ఆ తరువాత బోర్డును అనుమానించి ఖరీదైన కొత్త బోర్డు తెప్పిస్తాడు. హీటరు మాత్రం తన ధర్మాన్ని అక్షరాలా పాటిస్తూనే ఉంటుంది. జబ్బు బయటపడిన చోటు ఒకటి, జబ్బు ఉన్న చోటు మరొకటి.

జర్మన్ శాస్త్రవేత్త గెయోర్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ప్రకారం, బ్యాటరీకీ పరికరానికీ మధ్య దారిలో కోల్పోయే వోల్టేజి ప్రవాహాన్నీ నిరోధాన్నీ గుణించగా వచ్చేంత. తుప్పు పట్టిన ఒక అతుకులో పావు ఓమ్ నిరోధం ఏర్పడి, దాని గుండా 8 ఆంపియర్లు ప్రవహిస్తే అక్కడే 2 వోల్టులు హరించుకుపోతాయి. 12లో 2 అంటే ఆరో వంతు. తెలుగు ఇళ్ళలోని 230 వోల్టుల వైరింగులో అంతే శక్తిని అర ఆంపియరు లోపు ప్రవాహమే మోస్తుంది కనుక, అదే అతుకు దగ్గర పోయేది వోల్టులో దాదాపు పదో వంతు మాత్రమే, దాన్ని ఎవరూ గమనించరు.

ఇక వోల్టేజి అనేది ఒక బిందువుకు సొంతమైన గుణం కాదనీ, రెండు బిందువుల మధ్య భేదమనీ పుస్తకాలన్నీ చెబుతాయి. బండి ముందు నిలబడగానే ఆ మాట మరుపున పడుతుంది. వాహనాలలో పరికరానికి వెళ్ళే తీగ విడిగా ఉన్నా, తిరిగి వచ్చే దారిగా చాలాచోట్ల ఛాసిస్, అంటే బండి లోహపు చట్రమే పనిచేస్తుంది. మెకానిక్‌ల వాడుకలో దీన్నే ఎర్త్ అంటారు. చట్రమంతటా సున్నా ఉంటుందన్న నమ్మకం మీదే తక్కిన కొలతలన్నీ నిలబడి ఉంటాయి. వెనుక దీపాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఎర్త్ బోల్టు తుప్పు పడితే ఆ సున్నా పైకి లేస్తుంది. అప్పుడు బ్రేకు దీపానికి వచ్చిన విద్యుత్తు తన దారి మూసుకుపోయినందున పక్కనున్న ఇండికేటరు ఫిలమెంటు గుండా వెనక్కి వెళ్ళి మరో ఎర్త్‌ను వెదుక్కుంటుంది, బ్రేకు తొక్కినప్పుడల్లా ఇండికేటరు సన్నగా వెలుగుతుంది. చూసేవారికి ఇది దయ్యం పట్టినట్టు అనిపించినా, ఇందులో నియమం తప్పినది ఏదీ లేదు.

ఈ దశలో మల్టీమీటరు తెచ్చి హీటరు తీగల దగ్గర కొలిస్తే 12.6 వోల్టులు, నిండిన బ్యాటరీ చూపవలసిన అంకె, నిక్షేపంగా కనిపించవచ్చు. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగాఓములు, అంటే కోటి ఓములు. అది తీసుకునే ప్రవాహం ఎంత స్వల్పమంటే, తెగిపోగా మిగిలిన ఒక్క రాగి పోగు కూడా దాన్ని ఏ నష్టమూ లేకుండా మోస్తుంది. ఆ అంకెను చూసి తీగ బాగుందనుకోవడం తర్కానికి సంబంధించిన పొరపాటు. పదిహేడో శతాబ్దపు పండితుడు, తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహం’లో ఉపాధి అనే దోషాన్ని వివరించాడు. నిప్పు ఉంది కనుక పొగ ఉందనే అనుమానం, అంటే హేతువును బట్టి తీసే నిర్ణయం, చెల్లదు, ఎందుకంటే నిప్పు పొగను ఇవ్వాలంటే పచ్చి కట్టె తోడు కావాలి. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉన్నా పొగ లేదు. హేతువు వెనుక చాటుగా ఉండి, పేరు చెప్పకుండానే నిర్ణయాన్ని మోస్తున్న ఇటువంటి షరతే ఉపాధి. వోల్టేజి ఉంది కనుక తీగ బాగుందనే అనుమానంలోనూ, పరికరం నడుస్తూ ఉండగా కొలిచినప్పుడు అనే షరతు చాటుగా ఉంది. భారం లేనప్పుడు, అంటే పరికరం నడవనప్పుడు, తీసుకున్న కొలత అబద్ధం కాదు. అడగని ప్రశ్నకు అది ఇచ్చిన నిజమైన సమాధానం.

అందువల్ల అనుభవజ్ఞులు ముందుగా హీటరును నడిపించి, మీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో మొనను హీటరు నెగటివ్ తీగ మీద ఉంచుతారు. రెండూ ఒకే వైపువి కనుక దాదాపు సున్నా రావాలి. అర వోల్టు కనిపించినా లోపం ఆ దారిలో ఉన్నట్టే. అప్పుడు రెండో మొనను బ్యాటరీ వైపు నుంచి ఒక్కొక్క అతుకే దాటిస్తూ పోతే, ఏ అతుకు దగ్గర అంకె ఒక్కసారిగా ఎగబాకుతుందో అదే దోషి. ఉండవలసినది ఉందా అని అందరూ అడుగుతారు. లేకుండా ఉండవలసినది నిజంగా లేదా అని అడగడానికి బుద్ధికి కొంత తర్ఫీదు కావాలి. మన ఆటోనగర్‌లలో రెండు తీగలు కట్టిన బల్బుతో వెదికే ఎలక్ట్రీషియన్ల పద్ధతిని మోటుదని తీసిపారేయడం అన్యాయం; వెలగడానికి బల్బు స్వయంగా ప్రవాహాన్ని అడుగుతుంది కనుక, ఈ విషయంలో అది డిజిటల్ మీటరు కంటే నమ్మదగిన సాక్షి.

అతుకులు చెడడానికి కారణాలు చాలానే ఉన్నా, వాటిలో రసాయనికమైనది ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. రాగి తీగ కొసను ఉక్కు లేదా అల్యూమినియం చట్రానికి బిగించిన చోట తేమ చేరితే, రెండు భిన్న లోహాల మధ్య తడి నిలిచిన ఆ స్థలం 1800లో శాస్త్రవేత్త వోల్టా ప్రకటించిన బ్యాటరీకి చిన్న నమూనాగా మారి లోహాన్ని తినేస్తుంది. దీనికి తోడు ఛాసిస్‌ను ఒక సంస్థ, దాని మీది ఇంటిని మరొక సంస్థ నిర్మించడం పరిపాటి. ఛాసిస్ వైరింగులో సాధారణంగా ఎర్త్‌కు వాడే నలుపు రంగు, ఇంటి భాగపు 120 వోల్టుల వైరింగులో కరెంటు తీగకు గుర్తు. రంగు చూసి నిశ్చయానికి రావడం ఇక్కడ ప్రాణాంతకం కాగలదు.

వింత లక్షణాలకు అలవాటు పడి సర్దుకుపోయేవారు గుర్తించవలసినది ఫ్యూజ్ పరిమితి. తీగలో ప్రవాహం హద్దు మీరితేనే ఫ్యూజ్ కాలిపోతుంది. చెడిన అతుకు ప్రవాహాన్ని పెంచదు సరికదా తగ్గిస్తుంది, అందువల్ల ఫ్యూజ్‌కు దాని ఉనికే తెలియదు. పైన చెప్పిన లెక్కలో 8 ఆంపియర్ల దగ్గర పోయిన 2 వోల్టులు 16 వాట్ల వేడిగా మారతాయి; ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు సరిపోయే ఆ వేడి, ప్లైవుడ్ గోడ వెనుక, వేలి కొనంత చోట గంటల తరబడి నిలుస్తుంది. బోల్టు ఊడదీసి, లోహం మెరిసేదాకా గీకి, మళ్ళీ గట్టిగా బిగించి, తేమ తగలకుండా గ్రీజు పూసిన తరువాత, హీటరూ పంపూ దీపాలూ అన్నీ ఒకేసారి నడుస్తూ ఉండగా అదే రెండు చోట్ల మళ్ళీ కొలవాలి. అంకె వోల్టులో పదో వంతు దగ్గరకు దిగేదాకా గోడ పలకను తిరిగి బిగించకూడదు.