పెంపకానికి లెక్క ఎవరు చెప్పాలి? సంరక్షణ గృహాల యువతకు జీవన నైపుణ్యాల బోధన, మూల్యాంకనం: ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

సంరక్షణ గృహంలో పెరిగిన వ్యక్తికి పద్దెనిమిదేళ్లు నిండిన రోజు ఆశ్రయానికి గడువు తీరే రోజు కూడా. ఆ తరువాత అందవలసిన ఆసరాను 2015 నాటి బాలల న్యాయ చట్టం 'అనంతర సంరక్షణ'గా గుర్తించింది. 18 ఏళ్లు నిండి, 21 ఏళ్లు నిండని వారికి ఆర్థికంగా గాని, మరో రూపంలో గాని ఇచ్చే తోడ్పాటు అని దానిని నిర్వచించింది. ఈ దశకు యువతను సిద్ధం చేయడానికి జీవన నైపుణ్యాలను బోధించడం, అవి ఏ మేరకు అలవడ్డాయో అంచనా వేయడం నేడు అంగీకృత పద్ధతి. ఈ అంచనాలో తక్కువ ఫలితం వచ్చినప్పుడు ఆ లోటు ఎవరిది అన్న ప్రశ్నను తెలుగు పలుకుబడి ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూడు మాటలు

'జీవన నైపుణ్యాలు' అనువాదంగా వచ్చిన మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించుకోవడం, సహానుభూతి, ఒత్తిడిని తట్టుకోవడం మొదలైన పది సామర్థ్యాలను ఈ పేరుతో క్రోడీకరించింది. తెలుగులో దీనికి దగ్గరగా కనిపించే మాట 'బతకనేర్పు'. అయితే ఒకరిని 'బతకనేర్చినవాడు' అన్నప్పుడు అందులో మెప్పు కన్నా ఎత్తిపొడుపు ఎక్కువ. తన పని చక్కబెట్టుకోవడం తెలిసినంత మాత్రాన మనిషికి బతకడం తెలిసినట్లు కాదన్న వివేకం ఆ వ్యంగ్యంలో ఉంది.

తెలుగువారు నిజంగా మెచ్చుకునే గుణం 'నలుగురిలో మెలగడం'. ఈ మాట నలుగురు ముందే ఉన్నారని భావిస్తుంది. సంరక్షణ గృహం విడిచిన యువతికి మొదట కొరవడేది ఆ నలుగురే. జ్వరం వస్తే కబురు చేయడానికి, అద్దె ఇంటికి పూచీ ఉండడానికి, పండుగకు పిలవడానికి ఎవరూ లేనిచోట, మెలిగే నేర్పు ఎంత ఉన్నా దానికి తావు దొరకదు.

మూడవ మాట 'పెంపకం'. పిల్లల నడతలో లోపం కనిపిస్తే 'పెంపకం అలాంటిది' అనడం పరిపాటి. ఈ మాట అనాథలను అవమానించడానికి కూడా వాడుతున్నారన్నది కాదనలేని నిజం. అయినా దాని అసలు తర్కం గమనింపదగినది. నిందను అది పెరిగినవారి మీద గాక పెంచినవారి మీద మోపుతుంది. రాజ్యం తానే సంరక్షకుడై పెంచిన చోట ఈ తర్కం రాజ్యానికీ వర్తించాలి.

కొలత, కొలిచేవారు

అమెరికాలో విస్తృతంగా వాడుకలో ఉన్న 'కేసీ' జీవన నైపుణ్యాల మూల్యాంకన సాధనంలో 14 నుంచి 21 ఏళ్ల యువత తమను తామే అంచనా వేసుకుంటారు. దైనందిన జీవనం, డబ్బు వినియోగం, నివాసం, చదువు, ఉద్యోగం, సంబంధాలు దాని పరిధిలోకి వస్తాయి. యువత మాటకే ప్రాధాన్యమివ్వడం అందులోని మేలైన అంశం. కానీ ఏ సాధనమైనా ఫలితాన్ని చదివే తీరును బట్టి న్యాయమో అన్యాయమో అవుతుంది.

గంట కొడితే భోజనం వచ్చే చోట పెరిగిన కుర్రవాడికి నలుగురికి ఎన్ని గ్లాసుల బియ్యం పోయాలో తెలియకపోవచ్చు. వంటగదిలోకి అతన్ని ఎన్నడూ రానీయలేదు. నిద్ర లేవడం నుంచి దీపం ఆర్పడం దాకా అన్నీ ఇతరులు నిర్ణయించిన జీవితంలో 'సొంతంగా నిర్ణయాలు తీసుకోగలను' అన్న వాక్యం ఎదుట అతను తడబడితే, ఆ తడబాటు గృహం దినచర్యకు సాక్ష్యం. మరోవైపు, గృహంలో చేరకముందే చెల్లిని సాకిన పిల్ల నేర్పు ఏ పట్టికలోనూ చేరకపోవచ్చు. ఆమె చొరవ 'మాట వినకపోవడం'గా నమోదయ్యే ప్రమాదమూ ఉంది.

పంచతంత్ర కథాముఖం ఈ సందర్భంలో స్మరణీయం. దూబగుంట నారాయణకవి మొదలు చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853) దాకా తెలుగు రచయితలు ఆదరించిన ఆ కథా సంప్రదాయం ఒక విధంగా జీవన నైపుణ్యాల పాఠమే. సంస్కృత మూలంలో విష్ణుశర్మ ఆరు నెలల్లో రాజకుమారులను నీతిజ్ఞులను చేయకపోతే తన పేరునే వదులుకుంటానని ప్రతిన పూనాడు. పరీక్ష శిష్యులకే అయినా పణంగా నిలిచింది గురువు పేరు. ఆ కుమారుల వెనుక తండ్రి, రాజ్యం ఉన్న సంగతి కూడా మరువరాదు. ఏ అండా లేనివారికి బోధించేవారి బాధ్యత అంతకన్నా బరువైనది.

ఒక ఆక్షేపం

ఇంతటి అన్యాయానికి అవకాశమున్నప్పుడు కొలవడమే మానవచ్చు కదా అన్న వాదం రావచ్చు. అది నిలవదు. కొలవకపోతే లోటు కనిపించదు. కనిపించని లోటును తీర్చవలసిన పూచీ ఎవరికీ ఉండదు. బ్యాంకు ఖాతా నడపడం రాదని తెలియకుండానే ఒక యువతిని బయటికి పంపడం దయ అనిపించుకోదు. కాబట్టి కొలత కావాలి, కొన్ని నియమాలతో. గడువు ముంచుకొచ్చాక గాక ఏళ్ల ముందే అది మొదలవ్వాలి. ఫలితం మొదట ఆ యువతి చేతికి అందాలి. నమోదైన ప్రతి లోటు పక్కన దాన్ని తీర్చడానికి గృహం ఏమి చేస్తుందో, ఎప్పటిలోగా చేస్తుందో రాయాలి. తక్కువ ఫలితం ఆసరాను నిరాకరించడానికి గాని, ఎక్కువ ఫలితం దాన్ని ముందే ఆపివేయడానికి గాని కారణం కారాదు.

బోధన విషయంలోనూ ఒక సూత్రం అవసరం. ఇంట్లో పెరిగే కుర్రవాడు చేతి ఖర్చుకిచ్చిన డబ్బు మూడు రోజుల్లో తగలేస్తే చీవాట్లు తింటాడు. ఆ రాత్రి అన్నమూ తింటాడు. నేర్చుకోవడం ఆ రెంటి నడుమ జరుగుతుంది. తప్పు చేసే వీలు, చేశాక తిరిగి రావడానికి ఒక గడప లేకుండా చెప్పే పాఠం ఉపన్యాసంగానే మిగిలిపోతుంది.

ముగింపు

తెలుగు కుటుంబాల్లో చాలావరకు పద్దెనిమిదేళ్ల బిడ్డను 'ఇక నీ బతుకు నువ్వు బతుకు' అని పంపరు. చదువు, కొలువు, పెళ్లి దాకా ఇల్లు తోడుంటుంది. ఏ ఇల్లూ లేనివారి నుంచే సంపూర్ణ స్వావలంబనను ముందుగా ఆశించడంలో న్యాయం లేదు. జీవన నైపుణ్యాల మూల్యాంకనాన్ని పెంపకానికి సంబంధించిన జమాఖర్చుగా చదవాలి. అందులో బాకీ తేలితే, ఆ బాకీ తీర్చవలసింది పెంచినవారే.