ఇల్లు కూలినవానికి పొరుగువాడెవరు?



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలవారితో వరద గురించి మాట్లాడబోతే నవ్వేవారుంటారు. మనది కరువు సీమ. పెన్నలో నీళ్ల కంటే ఇసుకను చూసిన రోజులే ఎక్కువ. వాన కురిపించమని దేవుని వేడుకోవడం మనకు అలవాటు గాని, వాన నుండి కాపాడమని వేడుకోవడం అలవాటు లేదు. తుఫాను అంటే కోస్తావారి కష్టమని, సముద్రం మనకు దూరమని ధీమాగా ఉంటాం.

2021 నవంబరులో ఆ ధీమా కొట్టుకుపోయింది. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం 19వ తేదీ తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది. ఆ ఉదయమే చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. అప్పటి మన కడప జిల్లాలోని రాజంపేట మండలంలో పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట వంటి ఊళ్లలో మనుషులు, పశువులు, ఇళ్లు కొట్టుకుపోయాయి. పొలాల్లో ఇసుక మేటలు వేసింది. కమలాపురం దగ్గర పాపఘ్ని మీది వంతెన కూలింది. అంతకు ముందు 2001 అక్టోబరులో కడప పట్టణంలో బుగ్గవంక పొంగిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. దివిసీమను ఉప్పెన ముంచినది కూడా నవంబరు 19వ తేదీనే. అది 1977వ సంవత్సరం. తీరంలో ఉన్నవారికీ మనకూ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

ఇటువంటి కష్టం వచ్చినప్పుడు మన నోట మొదట వచ్చే మాట ఏమిటి? “ఏ పాపం చేశారో!” ఈ మాటను ప్రభువు ఏనాడో ఖండించారు. లూకా సువార్త 13వ అధ్యాయం చదవండి. సిలోయము వద్ద గోపురం కూలి 18 మంది చనిపోయారు. వారు యెరూషలేములోని మిగతావారి కంటే పాపాత్ములని తలంచుచున్నారా అని ప్రభువు అడిగి, కాదని తానే తేల్చి చెప్పారు. చెయ్యేటి వరదలో పోయినవారిలో కార్తిక పౌర్ణమికి శివాలయంలో దీపాలు వెలిగించడానికి వెళ్లినవారు కూడా ఉన్నారు. భక్తితో వెళ్లినవారిని వరద తీసుకుపోతే, వారి నడవడికను తూకం వేసే అధికారం మనకు ఎవరిచ్చారు? ఆ అధ్యాయంలో ప్రభువు హెచ్చరిక చనిపోయినవారికి కాదు, బ్రతికి ఉన్నవారికి. మారుమనస్సు పొందవలసినది వినుచున్న మనమే.

మరి మనం ఏ విషయంలో మారాలి? ముందు ఇంటి సంగతి చూద్దాం. మన పల్లెల్లో పేదవాని ఆస్తి అంతా ఇంటిలోనే ఉంటుంది. బ్యాంకులో దాచుకున్నది లేదు, బంగారం ఉంటే తాకట్టులో ఉంటుంది. పాత మట్టిమిద్దెలు నది ఒడ్డున లేకపోయినా మూడు రోజుల ముసురుకే నాని కూలుతాయి. మట్టితో పేర్చిన నాపరాతి గోడలు నీళ్లు నిలిస్తే జారిపోతాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతపు చేనేత ఇంటిలో మగ్గం గుంటలోనికి నీరు దిగితే ఇల్లు, పని, నేస్తున్న చీర, అన్నీ ఒక్క రాత్రిలో పోతాయి. దళితవాడలు చాలా చోట్ల ఊరికి పల్లంలో, వంక పక్కన ఉన్నాయి. ఆ స్థలాన్ని వారు కోరుకున్నారా? మిగిలినది అదే గనుక అక్కడ కట్టుకున్నారు. ఇసుక మీద ఇల్లు కట్టుకొన్నవాని ఉపమానాన్ని వారి మీదికి విసరకూడదు. ప్రభువు మాట విని దాని ప్రకారం నడవనివాడే ఆ ఇసుక మీద కట్టినవాడు. పేదవానికి పల్లంలో స్థలం మిగిల్చిన మనమే ఆ ఉపమానం ముందు నిలబడాలి.

“ప్రభుత్వం ఇస్తుంది కదా” అంటారు కొందరు. ఎంత ఇస్తుందో తెలుసుకోవాలి. విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం 2021లో మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 95,100 రూపాయలు. 2022-26 కాలానికి దానిని 1,20,000 చేశారు. కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. అదీ కనీసం 15 శాతం దెబ్బతిని ఉండాలి. గుడిసెకు 8,000. చేనేత కళాకారునికి పనిముట్లకు 5,000, నూలుకో సరుకుకో మరో 5,000. ఇల్లు అధికారికంగా గుర్తింపు పొందిన కట్టడమై ఉండాలన్న షరతు కూడా ఉంది. ఈ సొమ్ము తిరిగి నిలదొక్కుకోవడానికి ఇచ్చే చేయూత మాత్రమే. పోయినదానికి లెక్కకట్టి ఇచ్చే నష్టపరిహారం కాదు. ఇస్తున్నందుకు కృతజ్ఞత చెప్పవలసినదే. అయితే ఆ డబ్బుతో గోడలు లేస్తాయా, పైకప్పు పడుతుందా అన్నది ఇల్లు కట్టుకొన్న ప్రతివారికీ తెలుసు. పట్టా లేనివారి పేరు, అద్దెకున్నవారి పేరు జాబితాలో ఎక్కడం మరీ కష్టం.

బండికి బీమా చేయిస్తాం. చట్టం ఒప్పుకోదు గనుక. ఇంటికి చేయించం, అడిగేవారు లేరు గనుక. 2021 ఏప్రిల్ 1 నుండి సాధారణ బీమా కంపెనీలన్నీ ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే రకపు పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. అగ్నిప్రమాదం, భూకంపంతో పాటు తుఫాను, వరద కూడా అందులో ఉన్నాయి. ఇంటిలోని సామానుకు కూడా కొంత రక్షణ ఉంది. అద్దెకున్నవారు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. మీ మట్టిమిద్దెకు వర్తిస్తుందా, ఏ షరతులతో అన్నది ముందే అడిగి రాతలో తీసుకోండి. బ్యాంకు అప్పుతో కట్టిన ఇల్లయితే బ్యాంకువారు బీమా చేయించి ఉన్నారేమో అడగండి. తమ ఇంటికి బీమా ఉన్న సంగతే తెలియనివారున్నారు. ఈ అజాగ్రత్త పేద దేశాలదే అనుకోవద్దు. మన తెలుగువారు ఎందరో స్థిరపడిన అమెరికాలోని హ్యూస్టన్ నగరాన్ని 2017లో హార్వీ తుఫాను ముంచినప్పుడు, మునిగిన ఇళ్లలో ఎక్కువ వాటికి వరద బీమా లేదు. అక్కడ మామూలు ఇంటి బీమాలో వరద చేరదు, వేరుగా తీసుకోవాలి.

“దేవుడుండగా బీమా ఎందుకు? అది అవిశ్వాసం కాదా?” అని భక్తిగల ఒక తల్లి అడగవచ్చు. ఆమె ప్రశ్న చులకన చేయదగినది కాదు. రేపటి గురించి చింతించవద్దని చెప్పినది ప్రభువే. కాని చింత వేరు, జాగ్రత్త వేరు. ఐగుప్తులో యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరాలలో పంటలో ఐదవ వంతు దాచి పెట్టించాడు. దేవుడు కలలో కరువును చూపింది చేతులు కట్టుకొని కూర్చోవడానికి కాదని అతనికి తెలుసు. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలో అగబు అనే ప్రవక్త కరువు రాబోతున్నదని చెప్పాడు. అంతియొకయలోని విశ్వాసులు యూదయలోని సహోదరుల కోసం ఎవరి శక్తి కొలది వారు చందా వేసి బర్నబా, సౌలుల చేత పంపారు. ఆపద మాట వినగానే చేయి చాచారు. విశ్వాసమంటే అదీ.

మంచి సమరీయుని కథలో కూడా మనం తొందరగా దాటిపోయే ఒక మాట ఉంది. అతడు గాయాలు కట్టి వెళ్లిపోలేదు. పూటకూళ్లవానికి రెండు దీనారములు ముందుగా ఇచ్చి, పైన ఎంత ఖర్చయినా తిరిగి వచ్చి ఇస్తానని పూచీ పడ్డాడు. మనం వరద మరునాడు పాత చీరలు మూట కట్టి పంపుతాం, ఫొటో దిగుతాం. ఆరు నెలల తరువాత ఆ ఇంటి పైకప్పు పడిందా అని అడగం. ఆకలితో, చలితో ఉన్న సహోదరునికి వట్టి దీవెన పలికి పంపివేస్తే ఏమి లాభమని యాకోబు తన లేఖలో అడిగిన ప్రశ్న మన మూటలను కూడా అడుగుతుంది.

కాబట్టి ఈ ఆదివారం దివ్యపూజ తరువాత విచారణ పెద్దలు, యువకులు, మహిళా సంఘాలవారు ఒక్క గంట కూర్చోండి. వంక పక్కన, పల్లంలో, పాత మిద్దెల కింద ఉన్న ఇళ్లు ఏవో రాసుకోండి. కతోలికుల ఇళ్లే కాదు, అందరివీ. పట్టా లేనివారిని సచివాలయానికి, తహశీల్దారు కార్యాలయానికి చేయి పట్టుకొని తీసుకువెళ్లండి. పట్టా, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు నీరు చొరని సంచిలో ఉంచమని చెప్పండి. ఇంటి ఫొటోలు ఇప్పుడే తీసి పెట్టండి. కూలిన తరువాత నష్టాన్ని రుజువు చేయడానికి అవే సాక్ష్యం. బీమా సొమ్ము కట్టలేని విధవరాలికి, వృద్ధునికి విచారణ పండుగ ఖర్చులో కొంత తగ్గించి కట్టండి. దీపాలంకరణ రెండు వరుసలు తగ్గితే పునీతులు కోపగించుకోరు. వరద వచ్చి నష్టం రాసుకునే రోజున చదువు రానివారి పక్కన నిలబడి, వారి ఇల్లు జాబితాలో చేరే వరకు కదలకండి.

సహోదరులారా, పశువుల పాకలో పుట్టిన ప్రభువుకు ఇల్లు లేనివారి బాధ ఎవరో చెప్పనవసరం లేదు. చివరి దినాన ఆయన మన ఇల్లు ఎంత గట్టిదని అడగరు; తాను నిలువ నీడ లేని పరదేశియై వచ్చినప్పుడు చేర్చుకున్నామా అని అడుగుతారు. ఈ ఏడు ఈశాన్య రుతుపవనాలు రాకముందే ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుందాం. వరదలో ప్రాణాలు పోగొట్టుకున్నవారికి, వారు ఏ మతమువారైనా, ప్రభువు నిత్యవిశ్రాంతి దయచేయును గాక. మిగిలిన మనకు, పొరుగువాని ఇంటిని మన ఇంటిగా చూచే కన్నులు ఇచ్చును గాక. ఆమెన్.