ఆగడం నేర్చిన బండి

గడ్డి కొసన పెరగదు, మొదట్లో పెరుగుతుంది. మామిడి కొమ్మకు చిగురు కొనలో వస్తుంది. దాన్ని తుంచితే కొమ్మ పక్కదారి వెతుక్కోవాలి. గరిక పోచకు ఎదుగుదలంతా నేలకు ఆనుకుని, ఆకు అడుగున ఉంటుంది. పైన కోసినా, ఆవు కొరికినా, కింద నుంచి మళ్ళీ తోసుకొస్తుంది. పశువుల పళ్ళ కింద యుగాలుగా బతికిన జాతి కదా, పోయినా ఫరవాలేనిదాన్ని పైకి పంపి, పోకూడనిదాన్ని మట్టి దగ్గర దాచుకుంది. ఈ తెలివి దానికి ఎన్ని కోతల తర్వాత వచ్చిందో.

తమిళనాడులో రాజపాళయానికి పడమట, అయ్యనార్ కోవెలకు పోయే దారిలో, కొండల అడుగున మామిడి తోటలూ కొబ్బరి తోటలూ ఉన్నాయి. ఎండాకాలమంతా చెట్ల కింద నేల బోసిగా ఉంటుంది. ఈశాన్యపు వానలు పట్టుకున్నాయంటే గరిక, తుంగ, పేరు తెలియని తీగలు లేచి మోకాళ్ళు ముట్టుకుంటాయి. రాలిన కొబ్బరికాయ కనిపించదు. పాము ఉంటే అసలే కనిపించదు. కోయక తప్పదు. కోసింది నిలవదు. ఏటా తిరిగి వచ్చే పనిని భారం అనుకోవాలో, ఏడాది సవ్యంగా తిరుగుతోందనడానికి గుర్తు అనుకోవాలో నాకింకా తేలలేదు.

ఈ ఏడు ఆ పని కోసం ఒక బండి కడుతున్నాను. దూరంగా నిలబడి రిమోటుతో నడిపే గడ్డి కోత బండి. కొత్తగా కొన్నవి రిమోటు, దాని మాట వినే రిసీవరు, ఆ మాటను మోటార్లకు అందించే చిన్న పలక మాత్రమే. మిగతావన్నీ ఇంకెక్కడో ఒక పని ముగించుకుని వచ్చినవి. చక్రాలు తిప్పేవి పాత కారు వైపర్ మోటార్లు. కోత కత్తుల పళ్ళేన్ని తిప్పేది ఇంకో కారులో రేడియేటరును చల్లార్చిన ఫ్యాను మోటారు. చట్రానికి పాత ఇనుము కొట్టులో తూకానికి దొరికిన యాంగిల్ ముక్కలు.

వైపర్ మోటారు చిన్నదే, చేతిలోకి తీసుకుంటే మాత్రం బరువుగా ఉంటుంది. పన్నెండు వోల్టులు. లోపల అయస్కాంతాలు, మూడు బ్రష్షులు: ఒకటి నెమ్మదికి, ఒకటి వేగానికి, ఒకటి రెండింటికీ ఉమ్మడి. ఇరుసు చివర మెలికలు తిరిగిన వర్మ్ గేరు, దానికి ఆనుకుని పళ్ళ చక్రం. మోటారు ఆ పళ్ళ చక్రాన్ని తిప్పగలదు. పళ్ళ చక్రం మోటారును వెనక్కి తిప్పలేదు. అందువల్లనే కారు ఎంత వేగంగా పోతున్నా ఎదురుగాలికి వైపర్ పుల్ల జరగదు, ఆపిన చోటే ఉంటుంది. అదే గుణం ఇప్పుడు తోట వాలులో అక్కరకొస్తోంది. కరెంటు ఆగితే బండి ఉన్నచోట ఉంటుంది. వేరే బ్రేకు అక్కర్లేదు.

ఆ మోటారును గీసిన మనిషి ఎవరో, ఏ ఊళ్ళో కూర్చుని గీశారో. గాలిని, వానను, అద్దాన్ని తలచుకుని పెట్టిన జాగ్రత్త అది. గరిక ఆ తలపులో ఉండి ఉండదు. వాన నీళ్ళు తుడిచిన మోటారు ఇప్పుడు వాన మొలిపించిన గడ్డి మీదికి వెళుతోంది. ఎవరో పెట్టిన జాగ్రత్త వాళ్ళు ఎరగని చోట పనిచేస్తూనే ఉంది. ఇలాంటివి మన చుట్టూ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టబుద్ధి వేస్తుంది.

కొత్త సరుకైతే కావలసిన కొలత చెప్పి తెప్పించుకోవచ్చు. పాతదాన్ని అలా అడగలేం. అది ఏం చేయగలదో దాన్నే అడగాలి. వైపర్ మోటారు నిమిషానికి అరవై చుట్లకు అటూఇటూగా తిరుగుతుంది, అంతకన్నా తొందరపడదు. దానికి ఇరవై అయిదు సెంటీమీటర్ల చక్రం బిగిస్తే సెకనుకు ముప్పావు మీటరు కన్నా కాస్త ఎక్కువ. వయసు మళ్ళిన మనిషి తోటలో నడిచే నడక. నేనైతే ఈ వేగం ఎంచుకుని ఉండేవాణ్ణి కాదు. ఇప్పుడు కాస్త దూరంగా దానితో పాటు నడుస్తుంటే ఇంతకన్నా ఎక్కువ ఎందుకో అర్థం కావడం లేదు.

ఇది మిల్లుల ఊరు. పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ పెట్టిన నాటి నుంచి ఇక్కడ నూలుతో పాటు యంత్రాల మీద మమకారం కూడా పెరిగింది. తెలుగు మాట్లాడుకునే ఇళ్ళలో బేరింగు, బెల్టు, పుల్లీ వంటింటి మాటలంత మామూలు. పాత ఇనుము కొట్టులో బేరింగును వేలికి తొడిగి, తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కన్ను పట్టుకోలేని అరుగుదలను చెవి పట్టుకుంటుంది. ఆ కాసేపు వాళ్ళ ముఖంలో ఇంకే ఆలోచనా కనిపించదు. ధ్యానం అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియదు గానీ, ఆ ముఖం చూసినప్పుడు దానికి దగ్గర్లో ఉన్నట్టు అనిపిస్తుంది.

గడ్డి కోత యంత్రం పుట్టింది కూడా బట్టల మిల్లు నీడలోనే. ఇంగ్లాండులో స్ట్రౌడ్ ప్రాంతం ఉన్ని బట్టకు పేరు. నేసిన బట్ట మీద నూగు లేస్తే, దాన్ని సమంగా కత్తిరించడానికి తిరిగే బ్లేడుల యంత్రం ఉండేది. అక్కడి ఎడ్విన్ బడింగ్ అనే పనివాడు దాన్ని చూసి, ఇదే పని నేల మీద ఎందుకు జరగకూడదు అనుకున్నాడు. 1830లో పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు పచ్చిక బయళ్ళను పొడుగు పిడి కొడవళ్ళతో కోసేవారు, అదీ తెల్లవారుజామున, మంచు తడి ఆరకముందే. తడిసిన పోచ కత్తికి బాగా తెగుతుంది. బట్టనూ గడ్డినీ ఒకే చూపుతో చూసిన ఆ క్షణం గురించి తరచు ఆలోచిస్తాను. కొత్తది కనిపెట్టడం అంటే ఉన్నదాన్ని ఇంకో చోట చూడగలగడమేనా? అంతేనని చెప్పలేను. అంత తక్కువ కూడా కాదేమో.

కోయంబత్తూరు వైపు తెలుగు ఇంట పుట్టిన జి.డి. నాయుడు గారి సంగతీ ఈ పనిలో గుర్తొస్తుంది. కుర్రతనంలో ఒక దొర నడిపే రడ్జ్ మోటారు సైకిలు చూసి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, మూడు వందల రూపాయలకు దాన్ని కొన్నారు. కొన్నాక భాగం భాగం విప్పి, మళ్ళీ బిగించి నేర్చుకున్నారు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలో కరెంటు మోటారు తయారుచేసిన చేతులు అవి. ఇష్టపడి తెచ్చుకున్న వస్తువును ముక్కలుగా చేసి నేల మీద పరచడానికి ఎంత నమ్మకం కావాలి! మళ్ళీ కలుస్తుందనే నమ్మకమా, కలవకపోయినా ఏదో తెలుస్తుందనే నమ్మకమా?

దూరం నుంచి నడపడం అనేది వేరే ఆలోచన. 1898లో న్యూయార్కులో, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, నికోలా టెస్లా ఒక చిన్న పడవను నీటి తొట్టిలో వదిలి, తీగ లేకుండా నడిపించి చూపాడు. ముట్టకుండా కదిలించడం ఆనాటి జనానికి వింత. నాకు ఆ వింత ఇంకా పోలేదు. బొటనవేలు రవ్వంత జరిపితే, అంత దూరాన చెట్టు కింద ఇనుము తల తిప్పుతుంది. తిరగడానికి స్టీరింగు లేదు. ఒక చక్రం నెమ్మదిస్తే బండి ఆ పక్కకు మళ్ళుతుంది.

అయితే ఈ బండిలో కష్టమైన పని నడిపించడం కాదు, ఆపడం.

నిమిషానికి 2,500 చుట్లు తిరిగే పళ్ళెం, అడ్డకొలత ముప్పై సెంటీమీటర్లు అనుకుంటే, కత్తి అంచు గంటకు 140 కిలోమీటర్ల వేగాన పోతుంది. బండి చూస్తే నెమ్మదిగా నడుస్తూ ఉంటుంది, దాని పొట్ట కింద ఈ వేగం ఉంటుంది. అమెరికాలో 1982 నుంచి, మనిషి వెనక నడుస్తూ తోసే కోత యంత్రాలకు ఒక నియమం ఉంది: పిడి వదిలిన మూడు సెకన్లలో కత్తి ఆగాలి. చెయ్యి ఉన్నంతసేపే కత్తి. రిమోటు బండికి పిడి లేదు, చెయ్యి ఎక్కడో దూరాన ఉంది. మరి చెయ్యి వదిలిందని దానికి ఎలా తెలుస్తుంది?

రిసీవరుకు రిమోటు నుంచి సెకనుకు ఎన్నోసార్లు సంకేతం అందుతూ ఉంటుంది. చెట్టు అడ్డమొచ్చినా, బ్యాటరీ నీరసించినా, ఆ సంకేతం తెగిపోవచ్చు. అప్పుడు రిసీవరు ఏం చేయాలన్నది కట్టేవాళ్ళు ముందే నిర్ణయించాలి. కొన్ని రిసీవర్లు చివరగా విన్న మాటనే పట్టుకుని ఉంటాయి. ముందుకు అని విని ఉంటే, ఇంకేమీ వినకపోయినా ముందుకే పోతాయి. తోటలో అది ప్రమాదం. అందుకని మౌనం అంటే ఆగు అని రిసీవరుకు చెప్పాలి. దానికి తోడు ఒక రిలే కూడా పెట్టాను, సంకేతం వస్తున్నంతసేపే కత్తికి కరెంటు ఇచ్చేది. రిలే లోపలి కొసలు కలిసి ఉండటానికి ఏదో ఒకటి వాటిని పట్టుకుని ఉండాలి. ఏదీ లేకపోతే విడిపోతాయి. దాని సహజ స్థితి విడిపోవడమే, ఆగడమే.

ఈ ఒక్క విషయం దగ్గర చాలా పొద్దులు కూర్చున్నాను. చివరగా విన్న మాటను పట్టుకుని, చెప్పినవాళ్ళు లేకపోయినా, ఆ మాటకు కారణం తీరిపోయినా, అలాగే ముందుకు పోవడం నాకు కొత్త కాదు. చిన్నప్పుడెవరో తొందరపెట్టిన తొందర ఇంకా కాళ్ళలో ఉంది. ఏమీ వినిపించని వేళ ఆగి నిలబడటం మనిషికి ఎందుకు సహజం కాలేదో. లేక ఒకప్పుడు సహజమేనేమో.

కత్తులు బిగించేటప్పుడు ఈ ఊరి పక్కనున్న ఛత్రపట్టి తలపుకొస్తుంది. అక్కడి మగ్గాల మీద నేసేది గాయాలకు కట్టే పలచని గుడ్డ. ఆ గుడ్డ అవసరం రాకూడదని, కత్తిని పళ్ళేనికి గట్టిగా బిగించకుండా, ఒక బోల్టు మీద వదులుగా ఊగేలా పెట్టాను. తిరిగే వేగానికి అదే బయటికి సాగి నిలబడుతుంది, రాయి తగిలితే లోపలికి ముడుచుకుంటుంది.

అయినా గడ్డిలో దాగిన కప్ప మాట మిగిలే ఉంది. కొడవలితో కోసేవాళ్ళు ఎడమ చేత్తో గడ్డి పట్టుకుని, కుడి చేత్తో కోస్తారు. కోసేముందు ముట్టుకుంటారు. కప్ప గెంతితే చెయ్యి ఆగుతుంది, కముజు పిట్ట గుడ్లుంటే ఆ చోటు చుట్టి పోతారు. నా బండికి ముట్టుకోవడం తెలియదు. పాము దూరంగా ఉండాలని దూరం కోరుకున్నాను. ఆ దూరం కప్పనూ దూరం చేసింది. అందుకే బండి కన్నా ముందు ఒక కర్రతో గడ్డిని కదుపుతూ కోయబోయే చాలంతా నడుస్తున్నాను. నడిచి వచ్చాకే బండి. ఇలాగైతే రిమోటు ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు వెతకాలని అనిపించడం లేదు, నడక బాగుంది.

ఇంకొకటి. బండి కోసిన గడ్డి తునకలై నేల మీదే పడుతుంది, కుళ్ళి మట్టికి బలమవుతుంది. మంచిదే. కానీ కొడవలి కోత కట్ట అవుతుంది, ఆవు దాకా వెళుతుంది. దక్షిణపు గట్టు పక్కన గడ్డి కోసుకుపోయే ఆమె ఉంది. ఆ వైపు బండి నడపడం లేదు. ఆమె ఆవుకు చాలినంత అక్కడ మిగులుతుందో లేదో ఈ వానాకాలం ముగిస్తే గాని తెలియదు. చాలకపోతే పడమటి చాళ్ళు కూడా వదలాలి.

కొబ్బరి మొదళ్ళ దగ్గర బండి చేరలేని జానెడు వెడల్పు చుట్టూ మిగిలిపోతోంది. ఒక చెయ్యిలా ముందుకు చాచే చిన్న కత్తి చట్రానికి తగిలించవచ్చు. దానికి సరిపోయే పాత మోటారు ఇంట్లోనే ఉంది, దాన్ని బల్ల మీద పెట్టి చూస్తున్నాను. కానీ కత్తి మొదలును గీరితే ఆ గాయం కొబ్బరికి పూడదు, దాని మానుకు పక్కలకు పెరిగే పొర లేదు. ప్రస్తుతానికి ఆ జానెడు కొడవలికే.